వార్తకూ వంతు

సోషల్ మీడియా పోరు పడలేక ఒకరోజు కోపంగా యాప్‌లన్నీ తీసేయడం, కొన్నాళ్లు హాయిగా ఉండటం, ఆ తర్వాత ఏదో ఒక అవసరం తగిలి ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించుకోవడం చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది. అలా ఎక్కించుకున్నవాళ్లు తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. ఆ తిట్టులో న్యాయం లేదు. బెజవాడలోనో గుడివాడలోనో ఉంటూ ఇవాళ వాట్సాప్ లేకుండా ఎలా నెగ్గుకురావాలి? 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 రకాల సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. పిల్లల బడి నుంచి సెలవు కబురూ హోంవర్కూ అందులోనే వస్తాయి. కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువులున్న రైతుకు ఏ కౌంటు ఎంత పలుకుతోందో అక్కడే తెలుస్తుంది. వన్‌టౌన్ బట్టల కొట్టుకు ఊళ్ల నుంచి ఆర్డరు అందులోనే వస్తుంది. ఆటోనగర్ మెకానిక్కు కావలసిన విడిభాగం ఫొటో పంపేదీ అందులోనే. డల్లాస్‌లో ఉన్న మనవరాలి మొహం కనపడేదీ ఆ తెర మీదే. ఇన్ని పనులు ముడిపడి ఉన్నదాన్ని మొత్తంగా వదిలేయమని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. అందుకే ఆ సలహా విఫలమవుతోంది. తప్పు మన సంకల్పంలో కంటే ఆ సలహాలోనే ఎక్కువ ఉంది.

ఈ అధ్యాయంలో వాదించదలచుకున్నది ఒక్కటే. సమాచారం ఎంత వస్తోందన్నదాని కంటే, ఎప్పుడు పడితే అప్పుడు వస్తోందన్నదే మనల్ని ఎక్కువగా అలసిపోయేలా చేస్తోంది. అందువల్ల మానేయడం కంటే వంతు పెట్టుకోవడం మేలు. డెల్టా రైతుకు వంతు సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరే కాలవల కింద దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నీళ్లు పుష్కలంగా ఉన్న ఏడు ఎవరూ లెక్క చూసుకోరు. ఎద్దడి ఏడు మాత్రం కొన్ని రోజులు ఈ కాలవకు, కొన్ని రోజులు ఆ కాలవకు అని వంతులవారీగా నీళ్లు వదులుతారు. అన్ని తూములూ ఒక్కసారే తెరిచి పెడితే ఎగువవాళ్లే తోడుకుంటారు, శివారు భూమికి తడి అందదు. మన ధ్యాస ఎప్పుడూ ఎద్దడిలోనే ఉంటుంది. రోజుకు ఇరవై నాలుగు గంటల కంటే ఎక్కువ ఎవరికీ లేవు కదా. సమాచారం తినేది చదివేవాడి ధ్యాసనేననీ, అది పెరిగిన కొద్దీ ధ్యాసకు కరువు వస్తుందనీ హెర్బర్ట్ సైమన్ 1971లోనే రాశాడు. ఆయనకు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన రాసిన నాటికి జేబులో ఫోను పెట్టుకున్న మనిషి లేడు. ఫోను వచ్చాక మారిందల్లా ఒకటే, ఎగువ తూములు రాత్రీ పగలూ తెరిచే ఉంటున్నాయి. శివారున మిగిలిపోతున్నవి ఏమిటో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు: నిద్ర, పిల్లాడి లెక్కల పాఠం, దుకాణం పద్దు, సగంలో ఆగిన పుస్తకం, ఇంట్లో పెద్దవాళ్లతో తీరికగా మాట్లాడే పావుగంట.

‘ఎప్పుడు పడితే అప్పుడు’ అన్నది అంత పెద్ద విషయమా అని అడగవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు మనుషులు కంప్యూటరు ముందు ఎలా పని చేస్తారో ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. 2004 ప్రాంతంలో ఒక తెర మీద చూపు సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది. తర్వాతి ఏళ్ల కొలతల్లో అది 47 సెకన్ల దగ్గరికి వచ్చింది. చేస్తున్న పనికి అడ్డం తగిలినప్పుడు తిరిగి అదే పనికి రావడానికి పట్టే సమయం ఇరవై నిమిషాలు దాటుతోందనీ ఆమె పరిశీలనల్లో తేలింది. అంటే నష్టం మెసేజీ చదివిన పది సెకన్లతో ఆగదు. ఇంటర్ చదివే కుర్రాడు ఫిజిక్స్ లెక్క మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే, అప్పటిదాకా తలలో పట్టుకున్న లెక్క అంతా జారిపోయి మళ్లీ మొదటి నుంచి పేర్చుకోవాల్సి వస్తుంది. నోటిఫికేషన్ ఉద్దేశమే ఆ పట్టు తప్పించడం.

ఇక వంతు పని చేస్తుందా అన్నదానికి దగ్గరి సాక్ష్యం మన దేశంలోనే ఉంది. 2019లో అచ్చయిన ఒక ప్రయోగంలో నికొలస్ ఫిట్జ్, డాన్ ఏరియలీ మొదలైనవారు భారతదేశంలోని 237 మంది స్మార్ట్‌ఫోన్ వాడకందారులను రెండు వారాలపాటు పరిశీలించారు. కొందరికి నోటిఫికేషన్లు మామూలుగానే వచ్చాయి. కొందరికి గంటకోసారి కట్టగట్టి వచ్చాయి. కొందరికి రోజుకు మూడుసార్లు మాత్రమే వచ్చాయి. మిగిలినవారికి అసలు రానివ్వలేదు. మూడుసార్లు అందుకున్నవారు తమ మనసు కుదురుగా ఉందనీ, పని బాగా సాగిందనీ, ఫోను తమ అదుపులో ఉన్నట్టు అనిపించిందనీ చెప్పారు. అసలు ఏమీ అందనివారి దగ్గరే ఆందోళన పెరిగింది, ఏదో జారిపోతోందన్న భయం పెరిగింది. గంటకోసారి అందినవారికి చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. నా వాదానికి ఈ ప్రయోగం పట్టుగొమ్మ. పూర్తిగా మూసేయడం కూడా మనసును నలిపేస్తుంది, ఎందుకంటే కబురు కోసం ఎదురుచూడటం మనిషి సహజ గుణం. కబురు వస్తుందనీ, ఫలానా వేళకు వస్తుందనీ తెలిస్తే మధ్యకాలంలో మనసు దాన్ని వదిలి వేరే పనిలో పడుతుంది. శివారు రైతు నిబ్బరంగా పడుకోగలిగేది తన వంతు ఏ రోజో తెలిసినప్పుడే.

పూర్తిగా మానేసినవారి మీద జరిగిన ప్రయోగం ఒకటి కూడా చెప్పుకోవాలి. 2018 అమెరికా ఎన్నికలకు ముందు హంట్ ఆల్కాట్ బృందం కొందరి చేత నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ ఖాతా ఆపించింది. వాళ్లకు రోజుకు గంట దాకా మిగిలింది, మనసు కొంచెం తేలికపడింది, రాజకీయ విషయాల మీద అభిప్రాయాల్లో ఉన్న చీలిక కొంత తగ్గింది. అయితే వార్తల మీద వాళ్ల అవగాహన కూడా తగ్గింది. ఆ చివరి ఫలితాన్ని దాచిపెట్టి మిగిలినవి చెప్పేవాళ్లను నమ్మకండి. మానేయడానికి ధర ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగి 2018లో అచ్చయిన మరో పరిశోధన అంత దూరం వెళ్లలేదు. 143 మంది విద్యార్థుల్లో కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటీ రోజుకు పది నిమిషాలకు మించకుండా మూడు వారాలు వాడమన్నారు. ఒంటరితనం, దిగులు తగ్గాయి. ఆసక్తికరమైన సంగతి మరొకటి: ఏ పరిమితీ పెట్టకుండా, ఎంతసేపు వాడుతున్నారో గమనించుకున్న రెండో జట్టులో కూడా ఆందోళన కొంత తగ్గింది. ఈ ఫలితాలేవీ జీవితాన్ని తిరగరాసేంత పెద్దవి కావు. కానీ అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

వంతు పెట్టుకోవడం ఒట్టి మనోబలంతో అయ్యేది కాదని ముందే ఒప్పుకుందాం. కిందికి జరిపే కొద్దీ పేజీ తరగకుండా వచ్చే ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ తయారు చేశాడు. తర్వాత అందుకు బాధపడి బాహాటంగానే మాట్లాడాడు. పత్రికకు చివరి పేజీ ఉంటుంది, రేడియో వార్తలకు ముగింపు ఉంటుంది. ఫీడ్‌కు అది తీసేశారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ఖర్చనే అడ్డు కూడా పోయింది. ఎదుటివైపు యంత్రం ఉన్నప్పుడు ఇటువైపు కూడా ఒక ఏర్పాటు ఉండాలి. ఏర్పాటు మారితే జనం నడవడి మారుతుందనడానికి రుజువు వాట్సాపే. 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేశారు. అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో మరో ముడి వేశారు. అటువంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది. మనుషుల బుద్ధి ఒక్క నెలలో మారలేదు, మరో మీట నొక్కాల్సి రావడమే చాలింది. మన ఫోన్లో మనమూ అటువంటి ముడులు వేసుకోవచ్చు.

ఇక్కడ అన్నిటికంటే బలమైన అభ్యంతరం వస్తుంది. అది కృష్ణా తీరంలో ఉన్నవారు అడగాల్సిన ప్రశ్నే. వరద వస్తే? తుపాను వస్తే? వంతు కోసం కూర్చుంటే ప్రాణాల మీదికి రాదా? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, వేలాదిమంది చనిపోయారు. ఎన్నో ఊళ్లకు కబురు నమ్మదగ్గ రూపంలో వేళకు చేరలేదు. ఆ చరిత్ర ఉన్న నేల మీద సమాచారం తగ్గించుకోండని ఎవరైనా అంటే అనుమానంగా చూడటం సబబే. కానీ దివిసీమలో లోపించింది హెచ్చరిక. ఇవాళ మన మీద పడుతున్నదాంట్లో హెచ్చరిక పాలు ఎంత? ఈ రెంటినీ విడదీయకపోవడమే మన చిక్కు.

2024 సెప్టెంబరు వరద ఈ తేడాను కళ్లకు కట్టింది. ఆగస్టు 31న కుంభవృష్టి కురిసింది, బుడమేరు పొంగింది, కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తగిలి కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. కరెంటు లేదు. పై అంతస్తుల్లో చిక్కుకున్నవారికి ఫోనులో మిగిలిన చార్జింగే ఆధారం. ఆ ఫోనుతోనే సాయం అడిగారు, ఎక్కడున్నారో చెప్పారు. అటువంటి గంటల్లో గ్రూపుల్లో వచ్చిపడే వీడియోలు, పాత వరదల బొమ్మలు, పదిసార్లు తిరిగొచ్చిన అదే వార్త, ఒకటొకటిగా బ్యాటరీని తినేస్తాయి. నీళ్లు తీసి జనం ఇళ్లు కడుక్కుంటున్న రోజుల్లో బుడమేరు కట్ట మళ్లీ తెగిందన్న వదంతి పాకి, అప్పుడే కుదుటపడుతున్నవాళ్లను మళ్లీ రోడ్డు మీదికి పరుగెత్తించింది. అధికారులు వచ్చి అలాంటిదేమీ లేదని చెప్పాల్సి వచ్చింది. అన్ని గ్రూపులూ తెరిచి పెట్టుకున్నందువల్ల అక్కడివాళ్లకు దక్కింది భద్రతేనా? కబుర్లు ఎక్కువై, ఏది నమ్మాలో తెలియని అయోమయమే దక్కింది.

ఆపదలో నిజంగా కొత్తగా తెలిసేది కూడా వంతుల్లోనే తెలుస్తుందన్నది చాలామంది గమనించని విషయం. తుపాను వేళ వాతావరణ శాఖ బులెటిన్ సాధారణంగా మూడు గంటలకోసారి వస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను తీరానికి చేరువైనప్పుడు ఇంకా తరచుగా వస్తుంది, అయినా అది కూడా వేళ ప్రకారమే. రెండు బులెటిన్ల మధ్య మన చేతికి వచ్చేదంతా మొదటిదానికి మనుషులు చేసుకున్న తిరగమోత. కృష్ణ వరదకైతే ఇంకా సులువైన కొలత ఉంది: ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక. లంక గ్రామంలో ఉన్నవాళ్లు ఈ రెండంకెలూ గుర్తు పెట్టుకుంటే, రోజంతా తెర చూసినవారి కంటే తమ పరిస్థితి వాళ్లకే బాగా తెలుస్తుంది.

కాబట్టి సర్దుకోవడంలో మొదటి పని హెచ్చరికలకు విడిగా దారి ఏర్పాటు చేయడం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌లు, ఫోను పెద్దగా మోగుతూ తెర మీద కనిపించే అత్యవసర సందేశాలు ఆపకండి. ఫోను సెట్టింగుల్లో వాటికి అనుమతి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్ పెట్టుకుంటే మీ ఊరికి సంబంధించిన హెచ్చరిక అందులోనే వస్తుంది. 112, 1070 నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి, చార్జింగ్ అయిపోయినప్పుడు పక్కవాళ్ల ఫోను నుంచి చేయడానికి పనికొస్తాయి. ఈ ఏర్పాటు పూర్తయ్యాక, ‘ఏదైనా అత్యవసరం వస్తుందేమో’ అనే సాకుతో మిగతా అన్నిటికీ తలుపు తెరిచి ఉంచాల్సిన అవసరం తీరిపోతుంది. ఆ సాకు ఎంత గట్టిదో అది పోయాకే తెలుస్తుంది.

రెండోది, మనుషుల కబురునూ గుంపుల కబురునూ వేరు చేయడం. ఫోన్ కాల్స్, పేరుపేరునా మీకు వచ్చే మెసేజీలు మోగనివ్వండి. గ్రూపులన్నిటినీ ‘ఎప్పటికీ’ అనే ఎంపికతో మ్యూట్ చేయండి. బడి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ధరల గ్రూపు లాంటి నాలుగైదు పనికొచ్చేవి పైన ఉంచి మిగిలినవాటిని ఆర్కైవ్‌లోకి పంపండి. కొత్త మెసేజీ వచ్చినా అవి పైకి లేవకుండా ఉండేలా చాట్స్ సెట్టింగుల్లో ఒక మీట ఉంది. గుర్తు తెలియనివారు మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చకుండా ప్రైవసీలో ‘మై కాంటాక్ట్స్’ అని మార్చండి. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపండి. ఈ ఒక్క పనితో ఫోను నిండిపోవడం కూడా తగ్గుతుంది. గ్రూపు నుంచి బయటికి వస్తే బావగారు నొచ్చుకుంటారని, పిన్ని ఏమనుకుంటుందోనని వెనకాడేవాళ్లు ఎక్కువ. వాళ్లు బయటికి రానక్కర్లేదు. మ్యూట్ చేసిన సంగతి ఎవరికీ తెలియదు. నిజంగా రావాలనుకున్నా 2022 నుంచి ఆ కబురు అడ్మిన్లకు మాత్రమే వెళుతుంది. చుట్టరికం నిలబెట్టేది రోజూ పంపే శుభోదయం బొమ్మ కాదని పిన్నికీ తెలుసు. వారానికోసారి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడండి, ఆవిడ సంతోషం మీకే వినిపిస్తుంది.

మూడోది ఫీడ్. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఇందులో ఏం చూడాలో మీరు ఎంచుకోరు. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని చెరిపి ఆపేస్తే మొదటి పేజీలో సిఫార్సుల వరస రావడం ఆగుతుంది. అప్పుడు కావలసిన పాఠమో పాటో మీరే వెతికి చూస్తారు, అది అయిపోగానే పని అయిపోతుంది. ఆటోప్లే కూడా తీసేయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మీరు అనుసరించేవారి పోస్టులు మాత్రమే వరసలో చూపే ఎంపిక ఉంది; దాని కోసం రెండు మీటలు అదనంగా నొక్కాల్సి వచ్చినా ఫరవాలేదు. అనుసరించేవారి జాబితాను కోసి సగం చేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనేచోట ఒక్కో యాప్‌కు రోజువారీ గడువు పెట్టవచ్చు, ఐఫోన్‌లో నోటిఫికేషన్లు మీరు చెప్పిన వేళకు కట్టగట్టి ఇచ్చే షెడ్యూల్డ్ సమ్మరీ ఉంది.

ఇవన్నీ సర్దాక వంతులు నిర్ణయించుకోండి. రోజుకు మూడు అన్నది ప్రయోగంలో పని చేసిన లెక్క కాబట్టి దానితోనే మొదలుపెట్టవచ్చు. పొద్దున కాఫీ అయ్యాక, మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు. పడుకునే ముందు వంతు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను, అది ముగియదు. వేళలు మీ వృత్తిని బట్టి మారతాయి. రొయ్యల రైతుకు ధర తెలిసే వేళే మొదటి వంతు. పొలంలో పని చేసేవారికి మధ్యాహ్నం నీడపట్టున కూర్చున్నప్పుడు కుదురుతుంది. నిర్ణయించిన వేళ ముఖ్యం కాదు, నిర్ణయం ఉండటం ముఖ్యం.

వ్యాపారులు ఇక్కడ అడ్డు చెబుతారు: ఆర్డరుకు పావుగంటలో జవాబు ఇవ్వకపోతే ఖాతాదారు పక్క కొట్టుకు వెళ్లిపోతాడు. నిజమే, వాళ్లకు రోజుకు మూడుసార్లు సరిపోదు. కానీ వాళ్లు వదులుకోలేనిది ఖాతాదారుల సందేశాలే. రాజకీయ చర్చలు, రీల్సు ఆ లెక్కలోకి రావు. దుకాణానికి విడిగా ఒక నంబరు, దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే ఆ ఫోను పనివేళల్లో మోగుతూనే ఉండవచ్చు. కొట్టు కట్టేశాక వచ్చే సందేశాలకు ‘పొద్దున జవాబిస్తాం’ అని దానంతటదే చెబుతుంది. సొంత ఫోనుకు వంతు పెట్టుకోవచ్చు. రెండూ ఒకే ఫోనులో కలిసి ఉన్నంతకాలం ఆర్డరు చూడబోయి అరగంట వీడియోలు చూడటం తప్పదు.

ఇంకొక అభ్యంతరం కొంచెం లోతైనది. ఈ ప్రాంతంవాళ్లకు లోకం సంగతులు పట్టించుకోవడం వంశపారంపర్యంగా వచ్చిన గుణం, దాన్ని తగ్గించుకోమంటారా అని. ఆ గుణం ఎలా పెరిగిందో చూస్తే జవాబు అందులోనే ఉంది. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణా పత్రిక రోజూ వచ్చేది కాదు. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది వారానికోసారి వచ్చి, ఆ వారమంతా చదివించి, చర్చ చేయించింది. గ్రంథాలయోద్యమానికి 1914లో బెజవాడ వేదికైంది, అయ్యంకి వెంకట రమణయ్య లాంటివారు ఊరూరా పుస్తకం చేర్చారు. 1935 ప్రాంతంలో పాతూరి నాగభూషణం పూనికతో పుస్తకాలు పడవలో డెల్టా కాలవల మీదుగా ఊళ్లకు వెళ్లాయి. పడవ వచ్చే రోజు తెలుసు, తీసుకున్న పుస్తకం తిరిగి ఇచ్చేలోపు చదవాలనీ తెలుసు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి వార్తలకూ వేళ ఉండేది. ఆ తరాల రాజకీయ చైతన్యం ఇవాళ్టి కంటే తక్కువని ఎవరూ అనలేరు. పాత రోజులన్నీ మంచివని నేను అనడం లేదు. దివిసీమ సంగతి పైనే చెప్పాను, చదువు అందనివాళ్లు అప్పుడు ఇంకా ఎక్కువమంది. చెబుతున్నదల్లా ఇదే: తెలివిడికి నిరంతర ప్రవాహం అవసరమన్నది ఈ మధ్య కలిగిన నమ్మకం, దానికి ఆధారం లేదు. రోజుకు ఒక దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవారికి, అదే వార్తను ముప్పైసార్లు ముక్కలుగా చూసినవారి కంటే ఎక్కువే తెలుస్తుంది. ఎన్నికల నెలల్లో ఇది మరీ నిజం.

మనం అందుకునేవాళ్లం మాత్రమే కాదు, పంపేవాళ్లం కూడా. ఇతరుల ఫోన్లలోకి వెళ్లే నీళ్లకు మన చేతిలో ఒక తూము ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు తెలుగు రాష్ట్రాల్లో పాకి, అమాయకుల మీద దాడులు జరిగాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, వచ్చిన మెసేజీని నమ్మే ముందు అడగండని చెప్పించారు. గ్రూపుల్లో ఆ పోలీసులు కూడా ఉండి అనుమానం వచ్చినదాన్ని అక్కడికక్కడే తేల్చేవారు. అక్కడ ఎవరి చేతా ఫోను మానిపించలేదు, పంపే ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటు చేశారు. మీ ఇంటి గ్రూపులో ఆ పని మీరు చేయవచ్చు. వచ్చినదాన్ని మరుసటి వంతు దాకా పంపకుండా ఉంచండి. అప్పటికి సగం వార్తలు అబద్ధమని తేలి ఉంటాయి, మిగిలిన సగంలో చాలావాటిని పంపాలని మీకే అనిపించదు.

ఇలా సర్దుకున్న మొదటి కొన్ని రోజులు చెయ్యి జేబు దగ్గరికి దానంతటదే వెళుతుంది. అది అలవాటు, బలహీనత కాదు. ఆ సమయంలో చేతికి వేరే పని అందుబాటులో ఉంచుకోవడం మంచిది. శివారున ఎండిపోయిన వాటిలో ఒకదాన్ని ముందే ఎంచుకుని పెట్టుకోండి, అన్నీ ఒకేసారి కాదు. రాత్రి ఫోను పడకగదిలో పెట్టవద్దు. నిద్ర లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి. విదేశాల్లో పిల్లలున్నవారు రాత్రి వేళ ఏదైనా కబురు వస్తుందేమోనని ఫోను తల దగ్గర పెట్టుకుంటారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గది. అటువంటివారు పిల్లల నాలుగైదు నంబర్లను మాత్రం మౌనంలో కూడా మోగేలా పెట్టుకుని, ఫోనును హాల్లో పెట్టి గది తలుపు తీసి పడుకోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు చివరికి వదిలేయకండి. వదంతులకూ మోసాలకూ ముందు చిక్కేది వాళ్లే. సెట్టింగులు వెతుక్కోవడం వాళ్లకు కష్టం, అడగడానికి మొహమాటం. మీరు ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చుని, ఏ గ్రూపు కావాలో ఏది అక్కర్లేదో వాళ్లనే అడిగి, వాళ్ల చేతే నొక్కించండి. మీ ఇష్టప్రకారం మార్చేసి వస్తే వారం తిరగకుండా ఎవరో ఒకరి చేత మళ్లీ పాత పద్ధతికి తెప్పించుకుంటారు. తూములు మూయించేటప్పుడు వాళ్లకు ఇష్టమైన భజనల చానలు, ఊరి గుడి గ్రూపు, మనవల ఫొటోలు వచ్చే చోటు తెరిచే ఉంచండి. ఇదంతా వానాకాలానికి ముందు, మే నెల సెలవుల్లో చేస్తే ఇంకా మంచిది. హెచ్చరికల దారి సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడే చూడవచ్చు.